సర్పి తగ్గాక మిగిలిన మంటకు మిరప క్రీము: రాసుకునే పద్ధతి

నిరుడు శ్రావణంలో నాకు ఎడమ పక్కటెముకల నుంచి వీపు దాకా సర్పి లేచింది. మా ఊళ్లో అక్కి అంటారు. అమ్మ ఉంటే కుమ్మరాయన చేత జేగురు పూయించేది. నేను చర్మం డాక్టరు దగ్గరికే వెళ్లాను, కాకపోతే ఐదో రోజున. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు వైరస్ మందు మొదలుపెడితే మేలట. సరే, పొక్కులు ఎండి రాలిపోయాయి గానీ మంట మాత్రం ఉండిపోయింది. జాకెట్టు గుడ్డ తగిలినా కరెంటు కొట్టినట్టయ్యేది. మూడు నెలలు దాటాక డాక్టరు రాత్రి మాత్రకు తోడుగా ఒక చిన్న ట్యూబు రాశారు. కళ్లజోడు పెట్టుకుని చదివితే క్యాప్సైసిన్, 0.075 శాతం. అంటే మిరపకాయలో ఉండే కారమే. గుంటూరులో మిరప యార్డు ఘాటుకు తుమ్ముతూ పెరిగినదాన్ని, కారాన్ని మందుల షాపులో కొన్నాను.

మండే చోట మంట పెట్టేదే రాయడమేమిటని నాకూ అనిపించింది. మన నరాల కొసల్లో వేడిని పసిగట్టే చిన్న తలుపులుంటాయి. వాటి పేరు టీఆర్‌పీవీ1. సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకోవాల్సిన ఆ తలుపును కారం మామూలు వేడిలోనే తెరిచేస్తుంది. గొడ్డుకారం తింటే నోరు కాలినట్టుండేది ఇందుకే. దీని గుట్టు 1997లో తేల్చిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తలుపును రోజుల తరబడి పదేపదే తెరిపిస్తే నరం కొస మొద్దుబారి, నొప్పి కబురు పంపడం తగ్గిస్తుంది. ఒక రోజు రాసి రెండు రోజులు మానేస్తే మంట మిగులుతుంది, గుణం రాదు.

పొక్కులు పూర్తిగా మానాకే మొదలుపెట్టాలి. పుండు, పగులు, గీరుడు ఉన్న చోట రాయకూడదు. నాకు చెప్పింది రోజుకు నాలుగు సార్లు. మీకు మీ డాక్టరు చెప్పినన్ని సార్లు. శనగగింజంత తీసుకుని, తెల్లగా మిగలకుండా చర్మంలోకి ఇంకేలా పల్చగా రాయాలి. మందంగా పూస్తే అది ఎండి పొడిలా రాలి, ముక్కులోకి వెళ్లి పొలమారుతుంది. ఫ్యాను కింద కూర్చున్నప్పుడు నాకు అలాగే దగ్గు తెర వచ్చింది. వీపు అందదు కాబట్టి మా కోడలు రాసేది, చేతికి గ్లౌజు వేసుకుని.

ఆ గ్లౌజు సంగతి మొదటి రోజే తెలిసొచ్చింది. వట్టి చేత్తో రాసుకుని, సబ్బుతో ఒకసారి కడిగి, అరగంట తర్వాత కన్ను నలుపుకున్నాను. కొళాయి కింద పావుగంట కళ్లు కడుక్కుంటూనే ఉన్నాను. కారం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే గ్లౌజు వేసుకున్నా సరే, చేతులకు ముందు కొబ్బరి నూనె రుద్ది కాగితంతో తుడిచి, ఆ తర్వాత గిన్నెల సబ్బుతో రెండుసార్లు కడగాలి. గోళ్ల కింద మరీ ముఖ్యం.

వేడి నీళ్ల స్నానం ఇంకో గండం. అప్పటికే తలుపు సగం తెరిచి ఉంటుంది కదా, గోరువెచ్చటి నీళ్లు కూడా సలసల కాగినట్టే తగులుతాయి. స్నానం చల్లటి నీళ్లతో చేసి, ఒళ్లు ఆరాక రాసుకోవాలి. కాపడం, వేడి నీళ్ల సంచి వద్దు. ఎండలో తిరిగి చెమట పట్టినా రగులుతుంది. మొదటి వారం ఎలాగూ మండుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. పొక్కులెక్కినా, మంట రోజురోజుకూ పెరుగుతున్నా ఆపేసి డాక్టరుకు చూపించాలి.

పక్కింటావిడ, "వదినా, కారప్పొడి ఆముదంలో కలిపి రాస్తే సరిపోయేదానికి ఇంత డబ్బెందుకు తగలేస్తావు?" అంది. ఆ పని మాత్రం చేయకండి. ట్యూబులో 100 గ్రాములకు 75 మిల్లీగ్రాములని కొలత ఉంది. తేజా కాయలో ఎంతుందో, ఏ కాయలో ఎంత మారుతుందో ఇంట్లో కొలవలేం. చర్మం కాలిందంటే పాత నొప్పికి కొత్తది తోడవుతుంది. 8 శాతం పట్టీ కూడా ఉంది, అమెరికాలో 2009లో ఈ నొప్పికే అనుమతి వచ్చింది. దాన్ని ఆసుపత్రిలో వైద్యుల కళ్ల ముందే గంటసేపు అంటించి తీసేస్తారు.

షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు డాక్టరును అడగకుండా దీన్ని ముట్టుకోవద్దు. పుండున్నా తెలియని పాదం అది. రాత్రి మాత్ర కూడా మీ అంతట మీరు ఆపొద్దు.

నాకు మూడో వారం చివర్లో తేడా తెలిసింది. ఆరో వారానికి జాకెట్టు వేసుకుని గంట కూర్చోగలిగాను. నొప్పి మొత్తం పోలేదు, సగానికి దిగింది. అందరికీ ఈ మాత్రం కూడా పనిచేయదని, ఆరు వారాలు చూసి మానేయొచ్చని డాక్టరు ముందే చెప్పారు.

ట్యూబును బాత్రూం అరలో మాత్రం పెట్టకండి. మా మనవడు ఒక పొద్దున దాన్ని బ్రష్షు మీద పిండబోతుంటే లాక్కున్నాను. ఇప్పుడది బీరువా మీద ఉంటోంది.