కిట్ విప్పేటప్పుడు జాగ్రత్త: ఐసోలేషన్ డ్యూటీ పడేవాళ్లకు

కేరళలో నిపా వైరస్ అని వార్త వస్తే చాలు, నల్లగొండలో కూడా వార్డుల్లో టెన్షన్ మొదలవుతుంది. పోయిన వారం మేమూ మాక్ డ్రిల్ చేశాం. అందరూ పీపీఈ కిట్ (గౌను, గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు) చక్కగా వేసుకున్నారు, ఫోటోలు కూడా దిగారు. వైరస్ అనుకోమని గ్లౌజులకు ముందే పసుపు నీళ్లు పూసి ఉంచాం. బయటికి రాగానే ఒక తమ్ముడు చెమటకు ఆగలేక అవే చేతులతో మాస్కు కిందికి గుంజి "అమ్మయ్య" అన్నాడు, ముక్కూ మూతీ పచ్చగా అయ్యాయి. పసుపు కాబట్టి నవ్వి ఊరుకున్నాం.

చేతులు కడుక్కోండి, మాస్కు పెట్టుకోండి అని మీకు నేను చెప్పేదేముంది. మనల్ని ముంచేది విప్పే తొందర. 2014లో అమెరికాలోని డల్లాస్‌లో ఎబోలా పేషెంట్‌కు సేవ చేసిన ఇద్దరు నర్సులకు, గౌన్లూ గ్లౌజులూ వేసుకునే పనిచేసినా, జబ్బు అంటుకుంది. ఆ తర్వాతే, వేసుకునేటప్పుడూ విప్పేటప్పుడూ శిక్షణ ఉన్న మనిషి పక్కన నిలబడి చూడాలని అక్కడ గట్టిగా చెప్పారు. మనమూ అంతే, ఒంటరిగా విప్పొద్దు.

విప్పేటప్పుడు: గ్లౌజులు, కిట్‌లోని కళ్లద్దాలు (గాగుల్స్), గౌను, ఆఖరికి మాస్కు. మాస్కు గది బయటికి వచ్చాకే, తలుపు మూశాకే. ముందు భాగం ముట్టుకోకుండా కింది ఎలాస్టిక్, తర్వాత పై ఎలాస్టిక్ పట్టుకుని తీయాలి. ఒక్కోటి తీశాక చేతులకు శానిటైజర్. ఒళ్లంతా కప్పే కిట్ అయితే వరుస కొంచెం మారుతుంది, మీ వార్డు గోడకు అంటించిన చార్టు చూడండి, కానీ మాస్కు మాత్రం ఆఖరికే.

లోపలికి పోయే ముందు: ఫోన్, ఉంగరాలు, గాజులు బయటే. పుస్తెలతాడుకు తగిలించుకునే పిన్నీసులు కూడా, అక్కా, గ్లౌజు చిరిగేది వాటితోనే. గడ్డం ఉంటే ఎన్95 అంచు ముఖానికి అతకదు, గాలి పక్కల నుంచి పోతుంది. గీసుకోండి.

సూదికి మళ్లీ మూత పెట్టొద్దు.

గుచ్చుకుంటే పిండొద్దు, వేలు నోట్లో పెట్టొద్దు, సబ్బుతో కడిగి వెంటనే చెప్పాలి. డ్యూటీ అయ్యాక చెబుదామంటే కుదరదు.

హైపోక్లోరైట్‌లో (వార్డు తుడిచే బ్లీచ్ నీళ్లలో) యాసిడ్ కలపొద్దు, విషపు గ్యాస్ వస్తుంది.

జబ్బు పేరు తేలేదాకా ఆగొద్దు. 2018లో కేరళలోని పేరాంబ్ర ఆసుపత్రిలో నర్సు లినీ పుతుస్సేరి నిపా పేషెంట్‌ను చూసుకున్నప్పుడు అది నిపా అని ఎవరికీ తెలియదు. ఆమె ప్రాణమే పోయింది. జ్వరంతో పాటు మనిషి మత్తుగా, తికమకగా ఉన్నాడంటే మనం మాస్కు అప్పుడే పెట్టుకోవాలి.

ఆయాలకూ వార్డు బాయ్‌లకూ ఇదే డ్రిల్ చేయించండి, వాంతులు ఎత్తేది వాళ్లే.

చెమట పట్టిందా? పట్టనీ. మాస్కు ఆఖరికే.

లోపలికి పోయిన ప్రతి ఒక్కరి పేరూ టైమూ రిజిస్టర్‌లో ఎక్కాలి. రౌండ్స్‌కు వచ్చిన పెద్ద సారుదైనా సరే.