మేక మూత్రపిండాన్ని కోసి లోపలి నిర్మాణాన్ని పరిశీలించడం ఎలా?

మన మూత్రపిండం రక్తాన్ని ఎలా వడకడుతుందో పాఠ్యపుస్తకంలోని బొమ్మ ఒక్కటే చూసి గ్రహించడం కష్టం. మాంసం దుకాణంలో దొరికే మేక మూత్రపిండాన్ని సరిగా కోసి చూపిస్తే పదో తరగతి విద్యార్థులకు విసర్జన పాఠంలో సగం అక్కడే అర్థమవుతుంది. అయితే చాలా పాఠశాలల్లో దాన్ని కూరకు తరిగినట్టు ముక్కలు చేసి, ఏమీ కనిపించలేదంటారు.

మొదట, ఆ రోజు కోసిన మేక మూత్రపిండాన్నే కొనాలి. పైకొవ్వు తీయవద్దని, నాళాలు కత్తిరించవద్దని ముందుగానే చెప్పాలి. ఫార్మలిన్‌లో నిల్వ ఉంచినది వద్దు, దానిలో సహజమైన రంగులు ఉండవు. పళ్లెం, చేతి తొడుగులు, పొడవైన పదునైన కత్తి, భూతద్దం, చీపురుపుల్ల సిద్ధం చేసుకోవాలి.

తరువాత కొవ్వును వేళ్లతో ఒలిచి, లోపలికి నొక్కుకున్న అంచు దగ్గర ధమనిని, సిరను, తెల్లని మూత్రనాళాన్ని గుర్తించాలి. పైనున్న పలుచని పొరను తీసివేయాలి.

అసలు కష్టం కోతలోనే ఉంది. ముందుగా మూత్రనాళంలోకి చీపురుపుల్లను మెల్లగా, అడ్డు తగిలే వరకు మాత్రమే పంపాలి, ఎందుకంటే కత్తి ఏ తలంలో సాగాలో చూపేది ఆ పుల్లే. మూత్రపిండాన్ని పళ్లెంలో వెడల్పుగా పడుకోబెట్టి, అరచేతితో పైనుంచి అదిమి, వేళ్లను పైకెత్తి ఉంచి, ఉబ్బెత్తు అంచు నుంచి పుల్ల వైపు కత్తిని పళ్లానికి సమాంతరంగా లాగాలి.

రంపంలా ముందుకూ వెనక్కూ ఆడించకూడదు. అలా చేస్తే కణజాలం నలిగి, రక్తం పరుచుకుని, వల్కలానికీ (వెలుపలి భాగం) దవ్వకూ (లోపలి భాగం) మధ్య ఉన్న సరిహద్దు చెరిగిపోతుంది. స్కాల్పెల్‌తో కోయమని కొందరు చెబుతారు కానీ, దాని బ్లేడు పొట్టిది కనుక రెండు మూడుసార్లు కోయవలసి వస్తుంది, ప్రతిసారీ తలం కాస్త పక్కకు తప్పుతుంది. కత్తెరను అసలు దగ్గరకే రానీయకూడదు. పుల్ల తగలగానే ఆగాలి; నాళాలున్న అంచును కోయకుండా వదిలితే రెండు సగాలు పుస్తకంలా తెరుచుకుంటాయి. ఈ కోత ఉపాధ్యాయులే వేయాలి.

ఇప్పుడు వెలుపల ముదురు ఎరుపు వల్కలం, లోపల చారలున్న దవ్వ, మధ్యలో మూత్రం వచ్చి చేరే తెల్లని ద్రోణి కనిపిస్తాయి. మనిషిలో దవ్వ అనేక పిరమిడ్లుగా విడిపోయి ఉంటుంది, మేకలో అవి కలిసిపోయి ఒకే గట్టులా ఉంటాయి. కాబట్టి బొమ్మలోని పిరమిడ్ల మొనలను ఇక్కడ వెతకమని విద్యార్థులను తిప్పలు పెట్టకూడదు.

వల్కలాన్ని భూతద్దంతో చూస్తే కనిపించే సన్నని ఎర్రని చుక్కలు రక్తకేశనాళికా గుచ్ఛాలు, అంటే అతి సన్నని రక్తనాళాల ఉండలు. మనిషి మూత్రపిండం ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు (రక్తాన్ని వడకట్టి మూత్రాన్ని తయారుచేసే సూక్ష్మ నాళికలు) ఉంటాయి, వడపోత ప్రతి నెఫ్రాన్‌లోనూ ఈ గుచ్ఛం దగ్గరే మొదలవుతుంది. గుచ్ఛంలోకి రక్తాన్ని తెచ్చే ధమనిక కంటే బయటకు తీసుకుపోయే ధమనిక ఇరుకుగా ఉండటం వల్ల లోపల పీడనం నిలిచి, నీరు, గ్లూకోజ్, లవణాలు, యూరియా గుచ్ఛాన్ని చుట్టి గిన్నెలా ఉండే బౌమన్ గుళికలోకి వడకట్టబడతాయి, రక్తకణాలూ పెద్ద ప్రొటీన్లూ రక్తంలోనే ఉండిపోతాయి. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్లు వడకడతాయి, దానిలో దాదాపు 99 శాతం తిరిగి రక్తంలోకి చేరుతుంది. దవ్వలోని చారలు, అలా వడకట్టిన నీటిలో కొంత భాగాన్ని వెనక్కు తీసుకునే హెన్లీ శిక్యాలు (నెఫ్రాన్‌లో U ఆకారంలో వంగిన భాగాలు), సంగ్రహణ నాళాలు.

చివరగా విద్యార్థులు పుస్తకం మూసి, కళ్లముందున్నదాన్నే గీసి, భాగాలను గుర్తించాలి.