ఎన్‌రిచ్ అని రాసే ముందు "దేనితో?" అని అడగండి

అమెరికా యూనివర్సిటీలకి అప్లై చేసే పిల్లలు కొందరు తమ ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) ఒకసారి చూసిపెట్టమని నాకు పంపుతుంటారు. తెరవకముందే చెప్పేయగలను, అందులో ఎక్కడో ఒకచోట "టు ఎన్‌రిచ్ మై నాలెడ్జ్" ఉంటుంది. రెజ్యూమే అయితే "టు ఎన్‌రిచ్ మై స్కిల్స్". గ్రామర్ పరంగా తప్పు పట్టలేం కానీ, చదివేవాడికి అందులో తెలిసేది ఏమీ లేదు.

ఈ క్రియని సరిగ్గా పట్టుకోవాలంటే పొలం దగ్గర మొదలుపెట్టండి. జీలుగో జనుమో చల్లి, పూతకొచ్చే వేళకి కలియదున్నితే భూమికి సత్తువ వస్తుందంటాం కదా, ఎన్‌రిచ్ అంటే సరిగ్గా అదే. భూమి ముందే ఉంది, బయటినుంచి మంచిది ఒకటి వచ్చి అందులో కలిసింది, భూమి బలపడింది. కాబట్టి రాసేటప్పుడు "దేనితో?" అని అడగండి. జవాబుంటే ఉంచండి, లేకపోతే కొట్టేయండి. "ఎన్‌రిచ్ ద సాయిల్ విత్ కంపోస్ట్" నిలబడుతుంది. "ఉర్దూ, పారశీక పదాలు తెలుగుని ఎన్‌రిచ్ చేశాయి" అన్నా నిలబడుతుంది, దస్తావేజు, జవాబు, ఆఖరికి రైతు అనే మాట కూడా అలా వచ్చినవే. "ఎన్‌రిచ్ మై స్కిల్స్" దగ్గర మాత్రం నోరు మూతపడుతుంది.

మరి దాని బదులు ఏం రాయాలి? ముందు తెలుగులో ఏమనాలనుకుంటున్నారో అనుకోండి. ఉన్న నైపుణ్యానికి పదును పెట్టుకోవాలంటే షార్పెన్, ఒకే విషయంలో లోతుకి వెళ్లాలంటే డీపెన్, కొత్త విషయాలవైపు వెళ్లాలంటే బ్రాడెన్, బాగాలేనిది బాగుపడాలంటే ఇంప్రూవ్. బాగానే ఉన్నదాన్ని ఇంకాస్త మెరుగుపరిస్తే ఎన్‌హాన్స్, ఫొటోకి, రుచికి అది సరిపోతుంది. చాలనిదానికి తోడు చేర్చడం సప్లిమెంట్, జీతం చాలక ట్యూషన్లు చెప్పుకోవడంలాంటిది. పైపై అలంకారమైతే ఎంబెలిష్, దీనితో కొంచెం జాగ్రత్త, లేనిపోనివి కల్పించి చెప్పడాన్ని కూడా అలాగే అంటారు.

ఇక ఫోర్టిఫై దగ్గర అందరూ తికమక పడతారు. అమెరికాలో మైదా ప్యాకెట్ మీద "ఎన్‌రిచ్డ్ ఫ్లోర్" అని చూసి, ఇదేదో స్పెషల్ పిండి అనుకుని ఎక్కువ డబ్బు పెట్టి కొన్న మా బంధువు ఒకరున్నారు. అసలు సంగతేంటంటే, గోధుమని తెల్లగా ఆడించేటప్పుడు తవుడుతోపాటు పోయిన ఐరన్, కొన్ని బీ విటమిన్లని మళ్లీ కలుపుతారు, దానికి అక్కడ ఎన్‌రిచ్ అని పేరు. 1998 నుంచి ఫోలిక్ యాసిడ్ కూడా తప్పనిసరిగా కలపాలి. మొదట్లో లేనిదాన్ని కొత్తగా చేర్చితే ఫోర్టిఫై, అయోడిన్ ఉప్పులాగా. మన రేషన్ బియ్యాన్ని కూడా ఫోర్టిఫై చేసి ఇచ్చారు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన పిండితో గింజలు చేసి, మామూలు బియ్యంలో నూటికి ఒక గింజ చొప్పున కలిపేవారు. వాటినే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసినవాళ్లు ఎంతమందో!

పేపర్లో వచ్చే "యురేనియం శుద్ధి" కూడా ఇంగ్లీషులో ఎన్‌రిచ్‌మెంటే. శుద్ధి అంటే మలినాలు తీసేయడం అనిపిస్తుంది గానీ జరిగేది వేరు. సహజ యురేనియంలో 235 రకం 0.7 శాతమే ఉంటుంది, దాని వాటాని పెంచడమే ఈ పని, చాలా రియాక్టర్లకి 3 నుంచి 5 శాతం చాలు. ఇక్కడ శుద్ధి కన్నా మంచి తెలుగు మాట దొరికితే బాగుండు.

ఒక ప్రమాదం ఉంది. "ఐ వాంట్ టు ఎన్‌రిచ్ మైసెల్ఫ్" అని ఇంటర్వ్యూలో పొరపాటున కూడా అనకండి. మీ ఉద్దేశం జ్ఞానం సంపాదించుకోవాలని కావచ్చు, ఇంగ్లీషువాడికి మాత్రం జేబులు నింపుకోవడానికి వచ్చాడని వినిపిస్తుంది. మంత్రి గురించి "హీ ఎన్‌రిచ్డ్ హిమ్‌సెల్ఫ్" అని రాస్తే అది పొగడ్త కాదు, తిన్నాడని. కోర్టుల్లో "అన్‌జస్ట్ ఎన్‌రిచ్‌మెంట్", అంటే అన్యాయంగా లాభపడటం అనేదీ ఈ తోవలోదే. జీఎస్టీ ఎక్కువ కట్టేశానని వ్యాపారి రీఫండ్ అడిగితే, ఆ భారం కస్టమర్ మీద వేయలేదని చూపించాలి, లేకపోతే ఆ డబ్బు అతనికి కాకుండా వినియోగదారుల సంక్షేమ నిధికి వెళ్తుంది.

వాడకంలో మిగిలినవి చిన్నవే. దీనికి కర్మ (ఆబ్జెక్ట్) తప్పనిసరి, "మై లైఫ్ ఎన్‌రిచ్డ్" అని ఆపేస్తే వాక్యం సగమే. కలిపిన వస్తువుకి విత్, చేసిన పనికి బై. ఎన్‌రిచెన్ అనే మాట వాడకండి. పలికేటప్పుడు ఒత్తు రిచ్ మీద, మొదటిది దాదాపు "ఇన్" లాగే వినిపిస్తుంది. ఉద్యోగం మానేసే రోజు మెయిల్లో "ఇట్ వాజ్ యాన్ ఎన్‌రిచింగ్ ఎక్స్‌పీరియన్స్" అని రాయడం మాత్రం మాన్పించలేను, నేనూ రెండుసార్లు రాశాను.