మన దినాలు లెక్కపెట్టుకుందాం, గంటలు సరిచేసుకుందాం

"మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అనే ప్రార్థన 90వ కీర్తనలో ఉంది. సమాధి కార్యక్రమాల్లో చదువుతాం, ఆమెన్ అంటాం. కాగితం తీసి నిజంగా లెక్కపెట్టేవాళ్లు మాత్రం తక్కువ.

అదే కీర్తన పదో వచనం ఆయుష్షు డెబ్బై ఏళ్లు, బలముంటే ఎనభై అంటుంది. 70లోంచి మీ వయసు తీసేసి 52తో గుణించండి. 45 ఏళ్లవారికి 1,300 ఆదివారాలు వస్తాయి. దాని కిందే ఇంకో లెక్క రాయండి: పిల్లలు మీతో ఇంట్లో ఉండే కాలం. పదో తరగతి కాగానే ఇంటర్ హాస్టల్లో చేర్పించే ఇంట్లో, ఇప్పుడు పదేళ్లున్న బిడ్డతో కలిసి కుటుంబ ప్రార్థన చేసుకోవడానికి ఉన్నది సుమారు ఐదేళ్లు, అంటే 260 వారాలు. మొదటి అంకె కన్నా ఈ రెండోదే మనసును ఎక్కువ కదిలించాలి. ఈ రెండూ హామీలు కావు. రేపు ఏం జరుగుతుందో మనకు తెలియదని యాకోబు పత్రిక నాలుగో అధ్యాయం స్పష్టంగా చెబుతోంది.

ఇక వారం లెక్క. చిన్న నోటుపుస్తకం తీసుకుని సోమవారం నుంచి ఆదివారం దాకా రోజుకు మూడుసార్లు రాయండి: మధ్యాహ్నం భోజనం అయ్యాక, సాయంత్రం, పడుకోబోయే ముందు. అరగంట చొప్పున రాస్తే చాలు. రాత్రి ఒక్కసారే కూర్చుని రాస్తే అటూఇటూ పోయిన సమయం గుర్తుకు రాదు. ఫోన్ వాడకాన్ని మాత్రం అంచనా వేయొద్దు, తప్పకుండా తక్కువ రాస్తారు. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్లో అయితే స్క్రీన్ టైమ్ తెరిచి అక్కడి అంకె ఎక్కించండి. ఈ వారంలో ఏమీ మార్చుకోవద్దు.

వారానికి 168 గంటలు. నిద్ర 49, ఆరు రోజుల ఉద్యోగం 48, రాకపోకలు 12, స్నానం, భోజనం, ఇంటిపని 21 అనుకుంటే మొత్తం 130. మిగిలింది 38. మందిరానికి నాలుగు పోతే 34. రోజుకు మూడు గంటలు ఫోన్ చూస్తే అందులో 21 పోయి 13 మిగులుతాయి. ప్రార్థనకు టైం లేదు అనే మాట నిజమా కాదా అన్నది ఇక్కడే తేలుతుంది. కొందరి విషయంలో అది నిజమే: రెండు పూటలా కూలికి వెళ్లే తల్లికి, మంచాన పడ్డవారిని చూసుకునేవారికి అంత మిగలదు. అలాంటివారిని ఇంకా పొద్దున్నే లేవలేదని నిందించడం అన్యాయం.

ఒక జాగ్రత్త. గంటల్ని భక్తివి, లోకానివి అని రెండు కుప్పలు పోయొద్దు. ఏమి చేసినా ప్రభువు నిమిత్తమే చేయమని కొలొస్సయుల పత్రిక మూడో అధ్యాయం పనివారికే చెప్పింది. కలుపు తీసిన గంట, వంట చేసిన గంట కూడా ఆయన ఎదుట గడిపినవే. ఎటు పోయిందో మీరే చెప్పలేని గంటల కింద గీత గీయండి.

చేర్చడానికి ముందు తీసేయాలి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో రేపటి నుంచి నాలుగింటికి లేస్తానని తీర్మానం చేసుకుంటారు, పడుకునే వేళ మాత్రం పదకొండున్నరే. వారం తిరక్కుండానే మోకాళ్ల మీద కునుకు పడుతుంది. నిద్ర చాలకే ఇలా జరుగుతుంది, దాన్ని భక్తి చల్లారడంగా భావించి కుంగిపోతారు. కాబట్టి రాత్రి నుంచి మొదలుపెట్టండి. ఫోన్‌ను వంటగదిలో ఛార్జింగ్‌కు పెట్టి, లేవడానికి విడిగా అలారం గడియారం వాడండి. పడుకునే వేళను వారానికి 15 నిమిషాలు ముందుకు జరిపితే నాలుగు వారాల్లో గంట దొరుకుతుంది. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు తెల్లవారుజామున లేవలేదని బాధపడనక్కర్లేదు. 55వ కీర్తనలో సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం మూడూ ప్రార్థన వేళలే.

66 పుస్తకాల బైబిల్లో 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. జనవరి 1న ఆదికాండంతో మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా ఎక్కడ ఆగుతారో చూడండి: ఆదికాండం 50, నిర్గమకాండం 40 అధ్యాయాలు, నెల తిరిగేసరికి లేవీయకాండం వచ్చేస్తుంది. బలుల నియమాలు అర్థం కాక రెండు రోజులు తప్పుతుంది, మూడో రోజు తొమ్మిది అధ్యాయాలు బాకీ ఉంటుంది. అక్కడ పుస్తకం మూసేస్తారు. బాకీ తీర్చే ప్రయత్నం చేయకండి, ఆగిన చోటినుంచి మామూలుగా సాగండి. కొత్తగా మొదలుపెట్టేవారికి కొత్త నిబంధన మేలు. 260 అధ్యాయాలు, వారానికి ఐదు చొప్పున సరిగ్గా 52 వారాలు. మిగతా రెండు రోజులు తప్పిపోయినవాటికి. చదవడానికి, ప్రార్థనకు కలిపి మొదట్లో ఇరవై నిమిషాలు చాలు. యూట్యూబ్ ప్రసంగం ఈ ఇరవై నిమిషాల్లో లెక్కలోకి రాదు, దాన్ని ప్రయాణంలో వినండి.

ఆదివారం మధ్యాహ్నం కూర కోసం ఇంటి ఇల్లాలు ఆరాధన సగంలో లేచిపోతుంటే ఆ ఇంటి లెక్క తప్పింది. శనివారం సాయంత్రమే ఉల్లిపాయలు తరిగి, మసాలా నూరి పెట్టడానికి భర్త, పిల్లలు చేయి కలపాలి.

సంఘంలో ఒక్క బాధ్యత తీసుకుని బాగా చేయండి. క్వయర్, సండే స్కూల్, శుక్రవారం ఉపవాస ప్రార్థన, గృహ కూడికలు అన్నీ ఒక్కరి మీదే పడితే ముందు దెబ్బతినేది ఇల్లు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా తీర్పులు చెబుతున్న మోషేతో, ఇలా చేస్తే నువ్వూ ప్రజలూ నలిగిపోతారని మామ యిత్రో చెప్పి, పని పంచమన్నాడు (నిర్గమకాండం 18). పాస్టర్ గారితో "అయ్యగారూ, ఈ ఏడాది సండే స్కూల్ ఒక్కటే చేస్తానండీ" అని చెప్పడంలో అమర్యాద ఏమీ లేదు.

చివరిగా, బ్రతికుండగానే చేయగల పనుల పట్టిక రాసుకోండి. మీతో మాటలు మానేసిన తోబుట్టువు, తీర్చని చేబదులు, చూడవలసిన రోగి. నెలకు ఒకటి పూర్తి చేయండి. జబ్బుపడిన హిజ్కియా రాజుకు ఇల్లు చక్కబెట్టుకోమని యెషయా ప్రవక్త కబురు తెచ్చాడు. వీలునామా రాయడం అందులో భాగమే. భారతీయ క్రైస్తవులకు 1925 నాటి వారసత్వ చట్టం వర్తిస్తుంది. తెల్లకాగితం మీద రాసి, మీరు సంతకం చేసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయిస్తే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆస్తి పొందే వ్యక్తిని గానీ, వారి భార్యనో భర్తనో గానీ సాక్షిగా పెట్టకండి, వారికి రాసిన వాటా చెల్లకుండా పోతుంది. కాగితం ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచండి.