మత స్వేచ్ఛ కేసులు – నాలుగో పాఠం: అడిగేది ఎవరు?

పోయిన పాఠం చదివి నల్గొండ, మిర్యాలగూడ, వనపర్తి జూనియర్ లాయర్లు పంపిన అఫిడవిట్లన్నీ (కోర్టుకిచ్చే ప్రమాణ పత్రాలు) చూశాను. దాదాపు అందరూ ఒకేచోట జారారు. అందుకని ఈసారి ఆ తప్పే చూద్దాం; స్టే పిటిషన్ (ఆదేశాన్ని తాత్కాలికంగా ఆపమని అడిగే అర్జీ) సంగతి వచ్చేసారి.

నేనిచ్చిన కథ ఇది: ఒక రిటైర్డ్ టీచరు ఆదివారం తన ఇంట్లో నలుగురితో కలిసి ప్రార్థన చేసుకుంటాడు. ఆపేయమని ఒక అధికారి నోటీసు ఇచ్చాడు. మీరేమో రాజ్యాంగంలోని 26వ అధికరణ రాశారు. కొందరు ఎందుకైనా మంచిదని 25, 26 రెండూ పెట్టారు. ఈ అలవాటు నాకు అస్సలు నచ్చదు.

25వ అధికరణ ఇచ్చే మత స్వేచ్ఛ మనిషిది. 26 ఇచ్చేది మతశాఖది. మీరు 26 అన్నారంటే ప్రభుత్వ వకీలు వెంటనే లేచి, ‘ఏ శాఖ? దాని పేరేంటి? సంస్థ ఎక్కడుంది?’ అని అడుగుతాడు. ఉమ్మడి విశ్వాసం, ఉమ్మడి సంస్థ, ప్రత్యేకమైన పేరు, ఈ మూడూ చూపించాలి. 1982లో ఆరోవిల్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు శ్రీఅరవిందుల అనుచరులనే మతశాఖగా ఒప్పుకోలేదు. ఇక మన టీచరు ఏం చూపిస్తాడు? అక్కర్లేని ఆ వాదనలో పడి అసలు హక్కు మరుగున పడుతుంది.

1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ కేసు చూడండి. తమ మత నమ్మకం వల్ల జాతీయ గీతం పాడకుండా గౌరవంగా నిలబడ్డ ముగ్గురు పిల్లల్ని కేరళలో బడి నుంచి తీసేశారు. కోర్టు చూసింది వాళ్ల నమ్మకం నిజాయితీగా ఉందా లేదా అనే. పిల్లలు గెలిచారు. మీ టీచరుకు కావాల్సిన దారి అదే, 25.

మఠం పూజా విధానం, చర్చి ఆస్తి లాంటివైతే 26 సరైనదే. వాటికి 1954 నాటి శిరూరు మఠం తీర్పు పూర్తిగా చదవండి.

నేనైతే అధికరణ జోలికి పోకముందే తెల్ల కాగితం మీద మూడు లైన్లు రాసుకుంటాను: అడిగేది ఎవరు, ఆపింది ఎవరు, ఏ కాగితంతో ఆపారు. ఆపింది పక్కింటాయన అయితే నేరుగా రిట్ (హక్కు కాపాడమని హైకోర్టులో వేసే పిటిషన్) వేయకండి. ముందు పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి.

అభ్యాసం: మహబూబ్‌నగర్ వైపు ఒక ఊళ్లో పీర్ల పండుగ ఊరేగింపుకు పోలీసులు అనుమతి ఇవ్వలేదు. పీరు ఎత్తేవాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. పిటిషనర్‌గా ఎవరిని పెడతారు? అధికరణ నంబరు ఎక్కడా రాయకుండా రెండు పేజీల్లో వాస్తవాలు రాయండి. ఇంట్లో చట్టం తెలియని వాళ్లకు చదివి వినిపించండి. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్లు చెప్పగలిగాకే నంబరు వేసి పంపండి.