ఎత్తు ఎక్కేటప్పుడు సైకిలు గేరు పడకపోతే ఎలా సరిచేయాలి?

చదును రోడ్డు మీద గేర్లు చక్కగానే మారతాయి. సింహాచలం ఘాట్ రోడ్డో, అరకు దారో ఎక్కడం మొదలుపెట్టగానే లీవరు నొక్కినా చైను కదలదు, లేదంటే టకటకమని కొట్టుకుని ఉన్నట్టుండి దూకుతుంది. వెంటనే చాలామంది స్క్రూడ్రైవర్ తీసుకుని వెనక డిరెయిలర్ (చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదాని మీదికి జరిపే భాగం) మీదున్న రెండు చిన్న స్క్రూలను తిప్పేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. చైను రెండు కొసల్లో ఎక్కడ ఆగాలో హద్దు పెట్టడమే వాటి పని. 'ఎల్' స్క్రూను వదులు చేస్తే చైను పెద్ద పళ్లచక్రాన్ని దాటి చువ్వల్లో ఇరుక్కుంటుంది. ఎత్తు మీద బలంగా తొక్కుతుండగా అలా జరిగితే డిరెయిలర్ విరిగిపోతుంది, మనిషి పడిపోతాడు.

పాత గుడ్డ, చైను నూనె, ఒక స్కేలు చాలు. వెనక చక్రం గాల్లో తిరిగేలా సైకిలును వేలాడదీయండి. తలకిందులుగా మాత్రం నిలబెట్టకూడదు, లీవర్లూ కేబుళ్లూ నేలకు నలుగుతాయి.

ముందు తొక్కే తీరు చూసుకోండి. ఎత్తు మొదలవకముందే తేలిక గేరులోకి రావాలి. దారి మధ్యలో మార్చాల్సి వస్తే అర చుట్టు సేపు కాలి బరువు తగ్గించండి, పెడలు మాత్రం ఆపకండి. బిగుసుకున్న చైనును ఏ డిరెయిలర్ అయినా కష్టం మీదే జరుపుతుంది.

తర్వాత చైను తుడిచి కొలవండి. 12 అంగుళాల పొడవులో ఒకటిన్నర మిల్లీమీటరు దాకా సాగి ఉంటే మార్చేయండి. కొత్త చైను వేశాక కూడా ఒకే పళ్లచక్రం మీద జారుతుంటే దాని పళ్లు అరిగిపోయినట్టే.

ఇప్పుడు సైకిలు వెనక నిలబడి చూడండి. డిరెయిలర్‌లోని రెండు చిన్న చక్రాలు పైనున్న పళ్లచక్రంతో ఒకే నిట్టనిలువు గీతలో ఉండాలి. సైకిలు కుడివైపు పడిందంటే డిరెయిలర్‌ను మోసే హ్యాంగర్ లోపలికి వంగుతుంది. చాలా సైకిళ్లకు అది మెత్తటి అల్యూమినియం ముక్క. అది వంగి ఉండగా మిగతా ఎన్ని సవరణలు చేసినా వృథా. దాన్ని నిటారు చేసే పరికరం ఉన్న మెకానిక్‌కు ఇవ్వండి, చేత్తో లాగవద్దు.

అసలు పని కేబుల్‌ది. ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. చక్రం తిప్పుతూ చైనును పెద్ద పళ్లచక్రం మీదికి తెచ్చి, చక్రం ఆపి, పెడలు తిప్పకుండా లీవరును చివరిదాకా వదలండి. కేబుల్ వదులవుతుంది. బయటి గొట్టాన్ని ఫ్రేము గాడిలోంచి తీసి ముందుకూ వెనక్కూ జరపండి. వెనక చక్రం పక్కన మెలిక తిరిగే చివరి ముక్కలో వాన నీరు, దుమ్ము చేరి తుప్పు పడుతుంది. లోపలి తీగ వేలితో లాగితే జారాలి. గరగరమంటే కేబుల్, గొట్టం రెండూ మార్చండి. గేరు గొట్టమే అడిగి తీసుకోండి. కొన్ని దుకాణాల్లో బ్రేకు గొట్టం కోసి ఇచ్చేస్తారు. అది చుట్లు తిరిగిన తీగ, లాగినప్పుడల్లా కొంచెం కుంచించుకుపోతుంది, ఇక గేర్లు ఎప్పటికీ కుదరవు.

గొట్టాన్ని తిరిగి అమర్చి, చైనును చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చి, లీవరు ఒక్కసారి నొక్కండి. చైను రెండోదాని మీదికి ఎక్కకపోతే కేబుల్ చివర ఉండే గాట్ల బారెల్ అడ్జస్టర్‌ను బయటికి వచ్చేలా పావు చుట్టు తిప్పండి. కొన్ని సైకిళ్లకు అది లీవరు దగ్గరే ఉంటుంది. పావు చుట్టు మించవద్దు. తిప్పిన ప్రతిసారీ గేర్లు పైకీ కిందికీ మార్చి చెవి పెట్టి వినండి. చైను పక్కనున్న పెద్ద చక్రాన్ని గీరుతున్న సన్నని చప్పుడు వస్తే బిగువు ఎక్కువైనట్టు, పావు చుట్టు వెనక్కి తిప్పండి. ఎత్తు ఎక్కాలనే తొందరలో కేబుల్‌ను మరీ బిగిస్తే, తేలిక గేరు పడుతుంది కానీ దిగేటప్పుడు చైను చిన్న చక్రాల మీదికి రానంటుంది.

వేలాడదీసి తిప్పినప్పుడు కుదిరిందని ఊరుకోకండి. మీ ఇంటి దగ్గరి చిన్న ఎత్తు మీద కూర్చుని తొక్కుతూ ప్రతి గేరూ మార్చి చూడండి. ఏదైనా ఆలస్యంగా పడితే మళ్లీ పావు చుట్టే. చైను చువ్వల వైపు దాటిపోతుంటే మాత్రమే, అప్పుడు కూడా పావు చుట్టు మేరకే, 'ఎల్' స్క్రూ బిగించండి.