ఏడుపు సీనుకు గ్లిజరిన్ కంట్లో వేయకండి

షార్ట్ ఫిల్మ్‌లో ఏడుపు సీనుందంటే చాలామంది ముందు గ్లిజరిన్ సీసా తెచ్చుకుంటారు. అది కంటి తడిని లాగేస్తుంది, అందుకే అంత మంట. రెండు మూడు టేకులకే కళ్లు ఎర్రబడి, చూపు మసకబారి, ఎదుటి నటుడి ముఖం కూడా సరిగ్గా కనిపించదు. ఇక నటనేం చేస్తారు!

మెంథాల్ టియర్ స్టిక్ దీనికంటే చాలా నయం. చూడ్డానికి లిప్‌బామ్‌లా ఉంటుంది. కింది రెప్ప వెంట్రుకలకు సుమారు సెంటీమీటరు దిగువన, ఎముక మీద సన్నగా ఒక్క గీత చాలు. నీళ్లు తెప్పించేది దాని ఆవిరి, కాబట్టి కంటికి అంటించనక్కర్లేదు. మేకప్ అయ్యాక, కెమెరా తిరగబోయే ముందు రాయండి. రెప్ప ఆర్పకుండా ఉంటే నీళ్లు త్వరగా నిండుతాయి. చుక్క రాలాల్సిన డైలాగు దగ్గర తల కాస్త వంచి ఒక్కసారి రెప్ప వాల్చాలి. ముందే ఆర్పితే తడి అంతా పరుచుకుని చుక్క కట్టదు.

కాంటాక్ట్ లెన్సులు ముందే తీసేయాలి. రాసిన వేలు వెంటనే తుడుచుకోవాలి, మరిచి కన్ను నులిమారో, ఆ పూట షూటింగ్ ఆగినట్టే. స్టిక్ దొరకలేదని తలనొప్పి బామ్ మాత్రం వాడొద్దు.

గ్లిజరిన్ పనికొచ్చేది చెంప మీద. చిక్కగా ఉంటుంది, లైట్ల వేడికి నీటిలా ఆరిపోదు. డ్రాపర్‌తో ఒక చుక్క వేసి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాతి షాట్‌లో చార అక్కడే ఉండాలి.